గాడికార్ల పందెము: ఇంటికి మొదటి పెట్టె

రైలు బొమ్మను పట్టాలపై నడపు పిల్లవాడు చాలవరకు చూపరి మాత్రమే. మీట నొక్కిన తరువాత బండి తనంత తాను తిరుగును. అతడు దానిని చూచుచు కూర్చుండును. గాడికారు అట్టిది కాదు. పలకవంటి బాటలో సన్నని గాడి ఉండును. కారు అడుగున ఉన్న చిన్న నాలుక ఆ గాడిలో దిగి కారును దారి తప్పనీయదు. గాడికి అటు ఇటు రెండు లోహపు పట్టీలు పరచియుండును. కారు అడుగున గల రాగి కుచ్చులు ఆ పట్టీలను ఒరయుచు, లోపలి చిన్న మోటారునకు విద్యుత్తును అందించును. ఆడువారి చేతిలో మీటతో కూడిన ఒక సాధనము ఉండును. ఇంగ్లీషువారు దీనిని స్లాట్ కారు అందురు. స్లాట్ అనగా గాడియే.

ఈ బొమ్మలో చుక్కాని లేదు. కారును కుడికిగాని ఎడమకుగాని త్రిప్పుటకు వీలు లేదు. ఆడువాని వశమున ఉన్నది వేగమొక్కటే. ఆ ఒక్క దానిని సరిగా వాడనిచో మలుపులో కారు గాడి వదలి ఎగిరిపడును. పిల్లలను, పెద్దలను ఒకే చోట కూర్చుండబెట్టు గుణమంతయు ఇందులోనే ఉన్నది. మొదటి పెట్టెను కొనదలచిన కుటుంబము పెట్టెపై అచ్చువేసిన కార్ల బొమ్మలకంటె ముందుగా ఈ గుణమునే చూడవలెనని నా అభిప్రాయము. అది ఎట్లు పుట్టినదో తెలిసిన, ఏ పెట్టె మంచిదో తెలియుట సులభమగును.

అమెరికాలో రైలు బొమ్మలకు పేరొందిన లయొనెల్ కంపెనీ 1912లోనే విద్యుత్తుతో నడచు పందెపు కార్లను అమ్మకమునకు పెట్టెను. అవి పట్టాల ఆధారముతో నడచెడివి. కొలది ఏండ్లకే ఆ తయారీ నిలిచిపోయెను. తరువాత చాలకాలము ఈ ఆలోచన మరుగున పడియుండెను. 1954లో ఇంగ్లండులోని సౌత్‌పోర్ట్ పట్టణపు నమూనా యంత్రముల సంఘమువారు ప్రదర్శన కొరకు విద్యుత్ పందెపు బాటను స్వయముగా నిర్మించిరి. ఇట్టి సంఘములు మరికొన్ని బయలుదేరెను. మొదట ఎత్తైన పట్టా, తరువాత గాడి: మార్గదర్శకము ఈ క్రమమున మారెను. పట్టా బాటపై పొడుచుకొని ఉండును. గాడి బాటలో మునిగియుండును. చూచుటకు రోడ్డువలె ఉండునది రెండవదే.

ఇదే కాలమున ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అను ఇంగ్లీషు ఇంజనీరు బొమ్మల వ్యాపారములో ఉండెను. అతడు 1947లో మినిమోడెల్స్ అను కంపెనీని స్థాపించెను. 1952లో స్కేలెక్స్ అను పేరుతో రేకు కార్లను విడుదల చేసెను. వానిని నేలకు అదిమి వెనుకకు లాగినచో లోపలి స్ప్రింగు చుట్టుకొనును. వదలినచో ముందుకు పరుగెత్తును. అవి బాగుగనే అమ్ముడుపోయెను గాని కొంతకాలమునకు గిరాకి తగ్గెను. వదలిన కారు ఎటు పోవునో, ఎంత వేగముగా పోవునో పిల్లవాని చేతిలో లేదు కదా!

ఆ దినములలో ఫ్రాన్సిస్ ఒక ప్రదర్శనలో విద్యుత్తుతో బాటపై తిరుగు కార్లను చూచెను. కార్లు తమంత తాము తిరుగుచుండెను. చూచువారికి చేయుటకు ఏమియు లేదు. లోపమెక్కడనో అతడు గ్రహించెను. ఒక్కొక్క కారునకు ఒక్కొక్క దారి ఏర్పరచి, ఆ దారిలోని విద్యుత్తును ఒక్కొక్క ఆటగాని చేతికి ఇచ్చినచో అది పందెమగును. తన రేకు కారులో స్ప్రింగును తీసి మోటారును బిగించెను. అడుగున ఒక చిన్న చక్రము గాడిలో దొర్లుచు విద్యుత్తును గ్రహించునట్లు అమర్చెను. బాటను రబ్బరుతో చేసెను. స్కేలెక్స్ అను మాటకు ఎలక్ట్రిక్ అను మాటను కలిపి స్కేలెక్స్‌ట్రిక్ అని పేరుపెట్టి, 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో చూపెను. మొదటి కార్లు మసెరాటీ, ఫెరారీ నమూనాలు. గిరాకిని అందుకొనుట చిన్న కంపెనీకి సాధ్యము కాలేదు. మరుసటి సంవత్సరమే, అనగా 1958లో, ఫ్రాన్సిస్ తన వ్యాపారమును లైన్స్ బ్రదర్స్ అను పెద్ద కంపెనీకి అమ్మివేసెను. 1960లో రేకు కార్లకు బదులు ప్లాస్టిక్ కార్లు వచ్చెను.

మొదటి పెట్టెలలో చేతి సాధనము ఒక సామాన్యమైన బొత్తాము మాత్రమే. నొక్కినచో విద్యుత్తు పారును, వదలినచో ఆగును. నడిమి వేగము కావలెనన్న బొత్తామును టకటక కొట్టవలసినదే. తరువాత వచ్చిన సాధనములో మారు నిరోధకమును, అనగా మన ప్రయోగశాలలోని రియోస్టాట్‌ను చిన్నదిగా చేసి, మోటారుతో శ్రేణిలో కలిపిరి. మీటను కొద్దిగా నొక్కినచో నిరోధము ఎక్కువ. వోల్టేజిలో అధికభాగము అక్కడనే ఖర్చగును, మోటారు మెల్లగా తిరుగును. మీటను పూర్తిగా నొక్కినచో నిరోధము ఇంచుమించు సున్న. మోటారునకు పూర్తి వోల్టేజి అందును. ఓమ్ సూత్రమును నల్లబల్లపై చెప్పిన ఉపాధ్యాయుడు ఇట్టి సాధనమొకటి విప్పి చూపగలిగినచో విద్యార్థులు దానిని మరువరు. నేటి కొన్ని పెట్టెలలో నిరోధకమునకు బదులు ఎలక్ట్రానిక్ అమరిక ఉన్నది. పని మాత్రము అదియే.

దీనికంటె చిత్రమైనది ఆపు పద్ధతి. మంచి సాధనములలో మీటను పూర్తిగా వదలినచో రెండు పట్టీలు ఒకదానితో ఒకటి కలియును. అప్పటికి కారు ఇంకను పరుగెత్తుచునే ఉండును. చక్రములు మోటారును త్రిప్పుచుండును. అయస్కాంతము నడుమ తిరుగు తీగచుట్టలో విద్యుత్తు పుట్టును గదా! అనగా మోటారే డైనమో అగును. పట్టీల ద్వారా వలయము మూసుకొనియున్నందున ఆ విద్యుత్తు ప్రవహించి, లెంజ్ సూత్రము ప్రకారము తనకు కారణమైన భ్రమణమునే అడ్డగించును. కారునకు వేరే బ్రేకు లేకయే బ్రేకు పడును. నేటి విద్యుత్ రైళ్లలో వేగమును తగ్గించుటకు వాడు ఒక పద్ధతికి మూలము ఇదే.

ఇంగ్లండులో పుట్టిన ఈ ఆట త్వరలోనే దేశాంతరములకు వ్యాపించెను. జర్మనీలో ఫ్యూర్త్ పట్టణపు నోయ్‌హీర్ల్ కంపెనీ 1963లో కరేరా అను పేరుతో తన బాటలను తెచ్చెను. అమెరికాలో అరోరా అను కంపెనీ 1960లోనే బల్లపై ఇమిడిపోవు చిన్న కార్లను తెచ్చెను. ఆ తొలి చిన్న కార్లలో తిరుగు మోటారు లేదు. ఏకాంతర విద్యుత్తుతో పనిచేయు విద్యుదయస్కాంతము ఒక రేకును కంపింపజేయుచుండగా, ఆ రేకు పండ్లచక్రమును కొద్దికొద్దిగా నెట్టెడిది. కారు తుమ్మెదవలె రొద చేయుచు పోయెడిది. 1963లో అరోరావారు బిళ్లవంటి చదునైన మోటారును ప్రవేశపెట్టిన తరువాత ఆ రొద తగ్గి వేగము పెరిగెను.

1960ల నడుమ అమెరికాలో ఈ ఆట ఒక వెర్రిగా మారెను. ఎనిమిదేసి గాళ్లు గల పెద్ద బాటలతో, గంటకింత అని రుసుము తీసికొను పందెపు శాలలు ఊరూర వెలసెను. కాని 1970 వచ్చునప్పటికి వానిలో చాలభాగము మూతబడెను. కారణములు పలువురు పలువిధముల చెప్పుదురు. వానిలో ఒకటి మన ప్రస్తుత విషయమునకు సంబంధించినది. నిపుణులు తమ కార్లకు క్రొత్త మోటార్లు, మెత్తని టైర్లు వేసికొని వేగమును పెంచుకొనుచు పోయిరి. అప్పుడే కొన్న కారుతో వచ్చిన పిల్లవాడు రెండు నిమిషములలో ఓడిపోవును, మరల రాడు. వేగము పెరిగిన కొలది ఆట చిన్నదైపోయినది. ఇంటిలోను ఇదే జరుగవచ్చును. అటకెక్కిన పెట్టెలలో చాలవాని చరిత్ర ఇంతే.

వేగమునకు హద్దు ఎక్కడ ఉన్నదో లెక్కవేసి చూతము. కారు సెకనుకు 3 మీటర్లు పోవుచున్నదనుకొందము. ఇది గంటకు సుమారు 11 కిలోమీటర్లు. కారు అసలు కారులో 32వ వంతు కనుక, దీనిని 32తో హెచ్చించి గంటకు 346 కిలోమీటర్ల వేగమని ప్రకటనలలో వ్రాయుదురు. వినుటకు ఇంపుగానే ఉండును గాని, కారును చిన్నది చేసినంత మాత్రమున భూమ్యాకర్షణ చిన్నది కాదు. మలుపు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లైనచో, వేగవర్గమును వ్యాసార్ధముతో భాగించగా త్వరణము 30 వచ్చును. ఇది గురుత్వ త్వరణమునకు ఇంచుమించు మూడు రెట్లు. ఘర్షణ గుణకము 1 అనుకొన్నను టైర్లు దీనిని భరింపజాలవు. ఆ మలుపులో సెకనుకు సుమారు 1.7 మీటర్లు దాటిన టైర్లు పట్టు తప్పును. ముందు ముక్కు గాడిలోనే ఉండగా వెనుక భాగము వెలుపలికి జారును. ఇంకను వేగము హెచ్చినచో నాలుకయు గాడిని వీడును.

దీనికి విరుగుడుగా 1970లలో కార్ల అడుగున అయస్కాంతమును ఉంచు పద్ధతి వ్యాపించెను. అది ఇనుప పట్టీలను ఆకర్షించి కారును క్రిందికి లాగును. ఈ లాగుడు కారు బరువుతో సమానమైనచో నేలపై ఒత్తిడి రెండింతలగును. పట్టు తప్పు వేగము రెండింతలు కాదు, రెండు యొక్క వర్గమూలము, అనగా సుమారు 1.4 రెట్లు పెరుగును. నేర్చుకొను పిల్లలకు ఇది మేలే. కాని అయస్కాంతము మితిమీరి బలమైనదైనచో మలుపులో మీటను వదలనక్కరయే ఉండదు. ఆటగాడు మరల చూపరియే అగును. అందుచేత అయస్కాంతమును తీసివేయుటకో, జరుపుటకో వీలున్న కారు ఉత్తమము. మొదటి నెలలో ఉంచి, చేయి కుదిరిన తరువాత తీసివేయవచ్చును.

ఇక పెట్టెల పరిమాణము. 4 మీటర్ల అసలు కారు 32వ వంతున 12.5 సెంటీమీటర్లగును, 43వ వంతున సుమారు 9, 64వ వంతున సుమారు 6. పెద్దది చేతికి పట్టుబడును, విప్పి చూచుటకు వీలు, కాని చోటు ఎక్కువ కావలెను. కొనకముందు గదిలో నేలపై సుద్దతో చతురము గీచి చూచుకొనుట మంచిది. మంచమును ప్రతిసారి జరుపవలసివచ్చు పెట్టెను పదిమారులకంటె ఎక్కువ తీయరు. రెండు గదుల ఇంటికి 43వ వంతుగాని 64వ వంతుగాని చాలును.

బాట ఆకారమును గూర్చి ఒక మాట. కోడిగ్రుడ్డు ఆకారపు బాటపై వెలుపలి గాడి ఎల్లప్పుడు పొడవైనది. ఎంత పొడవు? రెండు గాళ్ల నడుమ దూరము 8 సెంటీమీటర్లైనచో, దానిని రెండు పై తో హెచ్చించగా సుమారు 50 సెంటీమీటర్లు. మలుపు పెద్దదైనను చిన్నదైనను ఈ తేడా మారదు. ఇది విద్యార్థులకు మంచి లెక్క. చెల్లెలికి వెలుపలి గాడి ఇచ్చి అన్న లోపలి గాడి తీసికొన్నచో ప్రతి చుట్టునకు అర మీటరు అన్యాయము జరుగునన్నమాట. ఎనిమిది అంకె ఆకారపు బాటలో ఒక గాడి ఒక వలయమున లోపలిదై, రెండవ వలయమున వెలుపలిదగును, తగవు తీరును. వంతెనగాని అడ్డుకూడలిగాని ఉన్న పెట్టెను ఎన్నుకొనుమని చెప్పుటకు ఇదియే కారణము. కూడలిలో కార్లు ఢీకొనును, వంతెనపై ఢీకొనవు. పిల్లలను అడిగిన కూడలియే కావలెనందురు!

2004లో స్కేలెక్స్‌ట్రిక్ కంపెనీ డిజిటల్ పద్ధతిని తెచ్చినది. పట్టీలలో ఎల్లప్పుడు పూర్తి వోల్టేజి ఉండును. ఏ కారు ఎంత వేగముగా పోవలెనో సంకేతముల రూపమున పంపబడును. కారులోని చిన్న ఎలక్ట్రానిక్ పలక తన సంకేతమునే గ్రహించును. ఒకే గాడిలో పెక్కు కార్లు పోవచ్చును, బొత్తాము నొక్కి గాడి మారవచ్చును. ముచ్చటైనదే గాని వెల హెచ్చు. మొదటి పెట్టెగా రెండు గాళ్ల పాత పద్ధతి చాలును. వెలలో మిగిలిన సొమ్ముతో అదనపు బాట ముక్కలు కొనవచ్చును. చిన్నపిల్లలున్న ఇంటికి మీట ఎంత నొక్కినను వేగము ఒక హద్దు మీరకుండ ఆపు ఏర్పాటు గల సాధనమును అడిగి తీసికొనవలెను. ఆరేండ్లవానికి హద్దు పెట్టి, తండ్రికి పెట్టకున్నచో పందెము సమానమగును. తండ్రి అయస్కాంతము లేని కారును నడపినచో మరియు మంచిది.

అమెరికాలోని మన బంధువులు సెలవులకు వచ్చునప్పుడు ఇట్టి పెట్టెలు తెచ్చుట కలదు. అక్కడి ఇండ్లలో విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230. బాటకు కావలసినది తక్కువ వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తే అయినను, గోడకు తగిలించు అడాప్టరు 120 వోల్టులకే చేసినదైనచో ఇక్కడ కాలిపోవును. దానిపై 100 నుండి 240 వోల్టుల వరకు అని వ్రాసియున్నచో భయము లేదు. అట్లు లేనిచో, బాటకు కావలసిన వోల్టేజి, ఆంపియర్లు, ధన ఋణ కొనలు సరిపోవు అడాప్టరును తెలిసినవారిచేత చూపించి ఇక్కడనే కొనవలెను.

చివరగా దుమ్ము. మన ఇండ్లలో నేలపై పరచిన బాట పట్టీలపై రెండు దినములలో మసక పొర ఏర్పడును; కారు తడబడుచు పోవును. మోటారు చెడినదని పిల్లలు ఏడ్వకముందు పొడి గుడ్డతో పట్టీలను తుడిచి, రాగి కుచ్చులలో చిక్కిన వెంట్రుకలను తీసి, పోచలను కొంచెము విప్పవలెను. అరిగిపోవునవి ఆ కుచ్చులు, వెనుక టైర్లు. పెట్టె కొన్ననాడే ఈ రెంటిని విడిగా అమ్ముదురో లేదో అంగడిలో అడుగవలెను.