మంగమారిపేట మేతగది

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సాగరతీరము వెంబడి పోవు త్రోవలో మంగమారిపేట యను పల్లె కలదు. 1972లో వెలసిన సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, రొయ్యపిల్లలను కడలిలో వలవేసి యేరుకొనుటకు మారుగా తొట్టెలలోనే పుట్టింపవచ్చునని రైతులకు ప్రత్యక్షముగా జూపుటకై, 1989లో ఇచ్చట ‘టాస్పార్క్’ హేచరీని నెలకొల్పెను. మంచినీటి చేపలను మాత్రమే యెఱిగిన నావంటివానికి ఈ ఉప్పునీటి విద్య కొంత దూరమైనదే. ఇట్టి హేచరీల ఉత్సవసంచికలలో సామాన్యముగా సీడు (రొయ్యపిల్లల) లెక్కలు వ్రాయుదురు. నా దృష్టి మాత్రము పిల్లలకు ఆహారము సిద్ధపఱచు మేతగదిపై నిలిచినది.

గ్రుడ్డు వెడలిన రొయ్యపిల్ల (నాప్లియస్) తన పచ్చసొననే యారగించి సుమారు రెండు దినములకు జోయా యను తరువాతి దశ నందును. అది మొదలు దానికి కీటోసెరాస్ వంటి సూక్ష్మశైవలములును, ఆ పిమ్మటి మైసిస్ దశనుండి ఆర్టీమియా యను చిన్ని ఉప్పునీటి ప్రాణి పిల్లలును ఆహారము. ఈ మేత ప్రాణముతో నుండునది గావున దీనిని కాచి శుద్ధిచేయుట పొసగదు. చిక్కంతయు నచ్చటనే యున్నది. 1933లో అమెరికాలో సీల్, 1939లో నార్వేలో రోలెఫ్సెన్ చేపపిల్లలకు ఆర్టీమియా తగిన మేతయని కనుగొనిరి. 1978లో బెల్జియము ఘెంట్ విశ్వవిద్యాలయమున పాట్రిక్ సోర్గెలూస్ ఆ యొక్క ప్రాణికొఱకే పరిశోధనాలయము నేర్పఱచెను.

డబ్బాలలో వచ్చు ఆర్టీమియా గ్రుడ్లు నిర్జీవమైన ఇసుకరేణువులవలె దోచును గాని, 28 డిగ్రీల ఉప్పునీట, వెలుతురున, ఎడతెగక గాలి కొట్టుచుండగా ఒక్క దినములో పిల్లలగును. గ్రుడ్డు పగులునపుడు వెలువడు గ్లిసరాల్ విబ్రియో సూక్ష్మజీవులకు విందు. పెంకుల నంటి వచ్చిన క్రిములు ఆ రాత్రియే ఇబ్బడిముబ్బడిగా పెరుగును. కావున గ్రుడ్లను హైపోక్లోరైటులో వేసి గోధుమవన్నె పెంకును కరగించి, మిగిలిన క్లోరిను ఘాటును థయోసల్ఫేటుతో నణచి, పిమ్మట పొదిగించి, వెడలిన పిల్లలను సన్నని వలలో నుంచి శుద్ధమైన సముద్రజలముతో చక్కగా కడిగినగాని తొట్టెకు పంపరాదు. మడివంటకు ఇంత నిష్ఠ యుండునో లేదో! శైవలముల గది మఱింత కఠినము: నాళికలోని శుద్ధబీజము సీసాకును, సీసాలోనిది తొట్టెకును మెట్టుమెట్టుగా పోవుచుండగా, మొదటి మెట్టున దూరిన మాలిన్యము కడపటివఱకు దిగును.

1994–95లలో తెల్లమచ్చ వ్యాధి తూర్పుతీరపు టైగర్ రొయ్య చెరువులను ఊడ్చివేసెను. 2009లో వనామి యను విదేశపు రొయ్యకు అనుమతి లభించినపుడు, అట్టి వ్యాధులు రాకుండుటకై విదేశములనుండి వచ్చు తల్లిరొయ్యలను చెన్నై క్వారంటైనులో నుంచి పరీక్షించిన పిదపనే హేచరీకి విడుచు నియమ మేర్పడినది. ఇంత ధనము పోసి తెచ్చిన తల్లిరొయ్యకు బురదలో త్రవ్విన పాలీకీట్ పురుగులను పెట్టుట మాత్రము నా కెన్నడును అర్థము కాలేదు. తెల్లమచ్చ వైరస్సును, ఈహెచ్‌పీ యను సూక్ష్మ పరాన్నజీవిని ఆ పురుగులే మోసికొని రాగలవు. ఈ మాట అప్రియమే యగుగాక, ఆ పురుగులనుగూడ శుద్ధజలమున పెంచు శాలలు మన తీరమునకు ఇంకొక హేచరీకంటె ముందుగా కావలసియున్నవి.