నీటిపక్షులు, వలస పక్షుల వేట: పెద్ద అంబర్‌పేట్ పరిసరాల్లో చట్టం, నిబంధనలు

హైదరాబాద్ తూర్పు అంచున, ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ దాటాక విజయవాడ హైవే మీద వచ్చే ఊరు పెద్ద అంబర్‌పేట్. ఇక్కడి చెరువుల్లో, పొలాల్లో, మూసీ ఒడ్డున నీటిపక్షులను గానీ వలస పక్షులను గానీ వేటాడటం నేరం. దేశమంతటా ఇదే నియమం. వేటకు సీజను లేదు, లైసెన్సు లేదు, రోజుకు ఇన్ని కొట్టుకోవచ్చన్న లెక్కా లేదు. ఒకప్పుడు ఇవన్నీ ఉండేవి. 1991 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్ట సవరణతో అవి రద్దయ్యాయి. నియమం ఇంత చిన్నదే అయినా జనంలో దాని మీద ఉన్న అపోహ పెద్దది. వేట అంటే తుపాకి పేల్చడమేనని చాలామంది అనుకుంటారు. చట్టం చెప్పే వేట అంతకన్నా చాలా విశాలమైనది. ఈ ప్రాంతంలో పక్షులకు జరిగే హానిలో ఎక్కువ భాగం తుపాకితో పనిలేనిదే.

ప్రాంతం, పక్షులు

పెద్ద అంబర్‌పేట్ రంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారిని దాటే చోట ఉంది. ఉత్తరాన గౌరెల్లి, బాచారం గ్రామాల పక్కనుంచి మూసీ సాగుతుంది. నదికి ఆవలి వైపు, ఘట్‌కేసర్ దిక్కున ఏదులాబాద్ చెరువు ఉంది. పక్షులను చూడటానికి నగరం నుంచి బైనాక్యులర్లు మెడలో వేసుకుని వచ్చేవాళ్లకు అది బాగా తెలిసిన చోటు. నగరం మురుగంతా మోసుకొచ్చే నీళ్లే అయినా మూసీ ఒడ్డున ఏడాది పొడవునా తడి ఉంటుంది. ఆ తడి ఉన్నచోట వరి మళ్లు, తుంగ, గుర్రపుడెక్క. వాటి మధ్యే పక్షులు.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఉత్తరం నుంచి పరజలు దిగుతాయి. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, పిచ్చుకంత పొడవుండే చిన్న ఉల్లంకి పిట్టలు, రకరకాల కంకణాలు గుంపులుగా కనిపిస్తాయి. టిబెట్, మంగోలియా పీఠభూముల్లో పిల్లల్ని పెంచి, హిమాలయాలను దాటి దక్కనుకు వచ్చే బార్‌హెడెడ్ గూస్ వీటిలో అన్నిటికన్నా గొప్ప యాత్రికురాలు. తెల్లటి తల మీద రెండు నల్ల పట్టీలు ఉంటాయి, ఒకసారి చూస్తే మరచిపోలేం. మార్చి, ఏప్రిల్ నాటికి ఈ అతిథులు వెళ్లిపోతాయి. నామాలకోడి, నీటికాకి, గుడ్డికొంగ, నత్తగుల్లకొంగ మాత్రం ఇక్కడివే, ఎక్కడికీ పోవు, పోయినా చుట్టుపక్కల చెరువులకే. చట్టం దృష్టిలో ఇక్కడిదానికీ వలస వచ్చినదానికీ తేడా లేదు. రెండూ రక్షణ ఉన్న అడవి పక్షులే.

ఈ పక్షుల మీద పద్ధతిగా జరిగిన తొలి పరిశీలనల్లో ఒకటి సలీం అలీ చేపట్టిన హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వే. 1931, 1932 సంవత్సరాల్లో ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి నమోదు చేసిన వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి.

చట్టం చెప్పే వేట

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లోనే వేటకు నిర్వచనం ఉంది. చంపడం, విషం పెట్టడం వేట. పట్టుకోవడం, తరమడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర వేయడం కూడా వేటే. వీటిలో ఏది చేయబోయినా, చేయలేకపోయినా, ప్రయత్నమే వేట. గాయపరచడం, శరీరంలో ఏ భాగాన్నయినా తీసుకోవడం కూడా అందులోకే వస్తాయి. పక్షుల విషయంలో ఇంకొక మాట ప్రత్యేకంగా చేర్చారు: గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా వేటే.

తుంగలో నామాలకోడి పెట్టిన గుడ్లను ఏరుకొచ్చిన పిల్లవాడు తను వేటాడానని అనుకోడు. చింతచెట్టు మీద కొంగలు రెట్ట వేస్తున్నాయని, పిల్లలున్న గూళ్లతో సహా కొమ్మలు నరికించే కాలనీవాసులూ అనుకోరు. చట్టం మాత్రం రెంటినీ వేట కిందే లెక్కిస్తుంది. కొమ్మ కొట్టక తప్పదంటే గూళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగడమే పద్ధతి. రెండు మూడు నెలలు ఓపిక పడితే పిల్లలు ఎగిరిపోతాయి.

చెరువుల దగ్గర ఎక్కువగా వాడేది నైలాన్ వల. వెంట్రుకంత సన్నని దారంతో అల్లుతారు. రెండు వెదురు కర్రల మధ్య నీటికి అడ్డంగా కట్టి, పొద్దుగూకే వేళ వదిలేస్తారు. మసక వెలుతురులో అది మనిషి కంటికే ఆనదు, మళ్ల నుంచి చెరువుకు దిగే పరజకు ఏం కనపడుతుంది? తగలగానే రెక్క మెలిపడుతుంది. గింజుకున్న కొద్దీ దారం ఈకల మధ్యకు దిగుతుంది. తెల్లారి వచ్చి చూసేసరికి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. పరజ కోసం కట్టిన వలలో తీతువు, లకుముకి, గుడ్లగూబ కూడా పడతాయి. వాటిని కొనేవాళ్లు ఉండరు కనుక అక్కడే వదిలేసి పోతారు. వేట పద్ధతులన్నిటిలో ఇది క్రూరమైనదని చెప్పడానికి ఆ వల కింద నీళ్లలో తేలే ఈకలు చాలు.

పూరేళ్లనూ కౌజులనూ పట్టడానికి దీమపు పిట్టను వాడటం పాత విద్య. పెంచిన పిట్టను పంజరంలో పెట్టి పొదల దగ్గర ఉంచితే దాని కూతకు అడవి పిట్టలు వచ్చి చుట్టూ పెట్టిన ఉరుల్లో పడతాయి. పిట్టలు పట్టి బతికిన సంచార కులాలకు ఇది తరతరాల జీవనోపాధి. చట్టం ఆ ఉపాధిని నేరం చేసింది గానీ దాని స్థానంలో వాళ్లకు దక్కింది తక్కువ. పక్షులను కాపాడాలనేవాళ్లు ఈ సంగతిని పక్కకు నెట్టకూడదు. అడవి, చెరువు, పిట్టల నడత అంత దగ్గరగా తెలిసినవాళ్లు కాపలాదారులుగా, దారి చూపేవాళ్లుగా పనికొస్తారు.

గులేలు, గాలి తుపాకి, విషం కలిపిన గింజలు కూడా నిషిద్ధమే. కొన్నవాడికీ తప్పించుకునే దారి లేదు. చట్టానికి విరుద్ధంగా వేటాడిన పక్షి, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ చెబుతుంది. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం.

లైసెన్సులు ఉన్న కాలం

బ్రిటిష్ ఇండియాలో 1912 నాటి అడవి పక్షులు, జంతువుల సంరక్షణ చట్టం కొన్ని పక్షులకు విరామ కాలం పెట్టే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ జాబితాలో బాతులు, కౌజులు, పూరేళ్లు, నెమళ్లతో పాటు కొంగలు, పాలపిట్టలు, లకుముకులు ఉన్నాయి. తినని పక్షులు అందులో ఎందుకంటే, యూరపు టోపీలకు ఈకల కోసం వాటిని లక్షల్లో చంపేవారు. నిజాం రాజ్యానికి ఆ చట్టం నేరుగా వర్తించేది కాదు. ఇక్కడ శికారు పాలకుల వినోదం, వాళ్ల అతిథుల మర్యాద.

ఆ శికారు గుర్తు ఒకటి వనస్థలిపురం పక్కన ఇప్పటికీ ఉంది. ఆటోనగర్ ఎదుట హైవేను ఆనుకుని ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. మహావీరుడు నిర్వాణం చెంది 2500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. అహింసను బోధించినవాడి పేరు వేట మైదానానికి పెట్టడం ఈ నగరం చేసిన మంచి పనుల్లో ఒకటి. 1994లో అది జాతీయ ఉద్యానవనమైంది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. ఈ పార్కు వల్ల చుట్టుపక్కల ఊళ్లకు ఇంకొక నిబంధన వర్తిస్తుంది. పది కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లలో తుపాకి లైసెన్సు ఉన్నవాళ్లు వన్యప్రాణి అధికారుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి.

1972 చట్టం అమల్లోకి వచ్చినప్పుడు వేటను పూర్తిగా ఆపలేదు. ప్రత్యేక వేట జంతువులు, పెద్ద వేట జంతువులు, చిన్న వేట జంతువులు అని విభజించి లైసెన్సులు పెట్టింది. పట్టుకునేవాళ్లకు వేరే లైసెన్సు. బాతులు నాలుగో షెడ్యూలులో, చిన్న వేట కిందికి వచ్చేవి. వేటగాడు విరామ కాలంలో వేటాడకూడదు, పొద్దు పోయాక దీపాలు వేసి కొట్టకూడదు, బండి మీద నుంచి కాల్చకూడదు, సొంతదారు ఒప్పుకోనిదే పరాయి పొలంలో అడుగు పెట్టకూడదు. నీళ్లు తాగే చోట కాపు కాసి చంపకూడదన్న నియమానికి మాత్రం నీటిపక్షులను మినహాయించారు. నీటి మీదే బతికే పక్షిని ఇంకెక్కడ కొడతారన్నది అప్పటి లెక్క. 1991 సవరణతో లైసెన్సుల విధానమే పోయింది, ఆ మినహాయింపూ పోయింది.

శిక్షలు

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జంతువుల షెడ్యూళ్లను రెండుకు కుదించింది, జరిమానాలు పెంచింది. మొదటి షెడ్యూలు పక్షిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. మిగతావాటికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మినహాయింపులు కొద్దే. బతికే ఆశ లేనంతగా జబ్బుపడిన లేదా గాయపడిన జీవి విషయంలోనూ, ప్రాణాపాయం ఉన్నప్పుడూ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. రెండో షెడ్యూలు జంతువులు పంట పాడుచేస్తే అనుమతి అడగవచ్చు. చదువు, పరిశోధన కోసం వేరే అనుమతి ఉంటుంది. పక్షుల కాళ్లకు రింగులు తొడిగే పరిశోధకులు కూడా ఆ కాగితం లేకుండా వల కట్టకూడదు.

దసరా, పాలపిట్ట

దసరా నాడు పాలపిట్టను చూస్తే మేలు జరుగుతుందని తెలంగాణలో నమ్మకం. రాష్ట్ర పక్షి కూడా అదే. జమ్మి చెట్టుకు పోయే దారిలో పొలం గట్టు మీదో కరెంటు తీగ మీదో కూర్చున్న పిట్టను వెతికి చూడటం పాత ఆచారం. నగరంలో పొలం గట్లు తగ్గాక పంజరాలు వచ్చాయి. పండగ పూట గుడి దగ్గరో కూడలిలోనో ఒకాయన పంజరం ఎత్తి చూపిస్తాడు, భక్తులు పదో పాతికో ఇస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే రెక్కల చివరి ఈకలు కత్తిరించి ఉంటాయి, కొన్నిసార్లు కాళ్లకు దారం ఉంటుంది. ఎగిరినప్పుడు మెరిసే ఆ నీలిరంగే పాలపిట్ట అందం, పంజరంలో అది కనిపించే వీలే లేదు. చట్టం ప్రకారం ఆ పిట్టను పట్టడం వేట, పంజరంలో ఉంచడం నేరం. అటవీ అధికారులు పండగ రోజుల్లో ఇలాంటి పిట్టలను స్వాధీనం చేసుకుంటారు. డబ్బులిచ్చి దండం పెట్టేవాళ్లు ఉన్నన్నాళ్లూ మళ్లీ పడతాయి.

ఊళ్లు పెట్టుకున్న నియమం

చట్టం రాకముందే పక్షుల మీద చెయ్యి ఎత్తని ఊళ్లు తెలుగు నేల మీద ఉన్నాయి. నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులు వాటిని కాచుకున్నారు. 1976లో అది అభయారణ్యమైంది. వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్లపై గూళ్లు కడతాయి, వాటి రాకను ఊరు శుభంగా భావిస్తుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుదీ అదే కథ. కొల్లేరుకు 1999లో అభయారణ్యం హోదా, 2002లో చిత్తడి నేలగా రాంసార్ గుర్తింపు వచ్చాయి. అయినా వలల బెడద పూర్తిగా పోలేదు.

సరిహద్దులు దాటే పక్షులు

ఇక్కడ ఎవరూ ముట్టని బాతు వేసవికి తిరిగివెళ్లే దారిలో వేటకు అనుమతి ఉన్న దేశాలను దాటాలి. వలస జంతువుల మీద 1979లో బాన్ నగరంలో కుదిరిన ఒప్పందంలో భారతదేశం 1983లో చేరింది. మన దేశం మీదుగా సాగే పక్షుల దారిని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. దాని పరిధిలో 30 దేశాలున్నాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు పరిస్థితి వేరుగా కనిపిస్తుంది. అక్కడ బాతుల వేట చట్టబద్ధం, కానీ పట్టింపులు ఎక్కువ. 1916లో కెనడా తరఫున బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం, దాన్ని అమలు చేసే 1918 చట్టం పునాది. 16 ఏళ్లు నిండిన వేటగాడు రాష్ట్ర లైసెన్సుతో పాటు ఏటా డక్ స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఆ స్టాంపు ధర ఇప్పుడు 25 డాలర్లు, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొంటారు. తుపాకిలో మూడుకు మించి తూటాలు పట్టకూడదు, గింజలు చల్లి ఎర వేయకూడదు. రాళ్లనుకుని మింగిన సీసపు గుళ్లు బాతులకు విషమవుతున్నాయని 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతా నిషేధించారు. అక్కడ పద్ధతి ప్రకారం కాల్చినవాడు ఇక్కడ సెలవులకు వచ్చి గాలి తుపాకి ఎత్తినా నేరస్థుడే.

గాయపడిన పక్షి దొరికితే

వలలో చిక్కిన పక్షి, మాంజా దారం రెక్కకు చుట్టుకుపోయిన పక్షి చేతికి దొరికితే ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు. అలా దొరికిన వన్యప్రాణి గురించి 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలని 39వ సెక్షనే అంటుంది. ఈలోగా గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, మూత వేసి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచాలి. ముక్కు తెరిచి నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. దారాన్ని లాగకుండా, రెక్కకు రెండువైపులా కత్తిరించి అలాగే వదిలేయాలి. మిగతాది పశువైద్యుడు తీస్తాడు.