లక్కపిడతల ఆటకు గడువెక్కడిది?

2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ప్రధాని నరేంద్ర మోదీ బొమ్మల ప్రస్తావన తెచ్చారు. లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక పేరు, అక్కడి కళను నిలబెట్టిన సి.వి. రాజు పేరు ఆ ఆదివారం దేశమంతటా వినిపించాయి. అదే ప్రసంగంలో మోదీ కంప్యూటర్ ఆటల సంగతీ ఎత్తారు. వాటిలో కథలు చాలావరకు బయటి దేశాలవేననీ, మన కథలతో మన దగ్గరే ఆటలు తయారుకావాలనీ కోరారు. లక్కబొమ్మా, కంప్యూటర్ ఆటా ఒకే ప్రసంగంలో పక్కపక్కన రావడం నాకు ఎంతో సబబుగా తోచింది. ఇంకొకరి వేషంలోకి వెళ్లి ఆడుకోవడానికి కావలసిన సరంజామాను ఏటికొప్పాక తరతరాలుగా చేసిపెడుతూనే ఉంది. దాని పేరు లక్కపిడతలు.

పొయ్యి, బిందె, గిన్నెలు, గరిటె, రోలు, రోకలి, తిరగలి అన్నీ అరచేతిలో ఇమిడేంత. వాటిని అరుగు మీద పరుచుకున్న మరుక్షణం ఆరేళ్ల పిల్ల అమ్మ అయిపోతుంది. ఇటుక పొడి కందిపొడి, ఇసుక అన్నం, గన్నేరు ఆకులు విస్తళ్లు. ఈ బువ్వలాటలో కాలం పిల్లల మాట వింటుంది. ‘తెల్లారింది, లేవండి’ అంటే తెల్లారినట్టే. రెండు నిమిషాలకే ‘రాత్రయింది, పడుకోండి’ అంటే ఇల్లంతా కళ్లు మూసుకోవాలి. పొద్దున పుట్టిన పాపకు మధ్యాహ్నానికి పెళ్లి కుదురుతుంది. పాయసం కాగడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది, ఎందుకంటే వండేవాళ్లకు ఆ పనే ముద్దుగా ఉంది.

వీడియో గేముల్లో ఇలా పాత్రలోకి ప్రవేశించి ఆడే వాటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. వాటిలో గడువు ఉండాలా, వద్దా అన్న తగువు ఏళ్ల తరబడి తెగడం లేదు. గడువు లేకపోతే ఉత్కంఠ ఉండదని ఒక వర్గం వాదన. గడువు పెడితే లోకమంతా తిరిగి చూసే తీరిక పోతుందని రెండో వర్గం బాధ. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కానీ గడువు ఉందా లేదా అన్నదాని కంటే, ఆ గడువు ఎక్కడినుంచి వచ్చిందన్నదే నాకు ముఖ్యం.

లక్కపిడతలు చేసే చేతులే బొంగరాలూ చేస్తాయి. బొంగరానికి గడియారం అక్కర్లేదు. తాడు లాగిన విసురు ఉన్నంతసేపు తిరుగుతుంది, అది తగ్గగానే తూలి పడుతుంది. గడువు దాని ఒంట్లోనే ఉంది. పడిపోయిన బొంగరం మీద ఏ పిల్లవాడూ అలగడు, ఈసారి ఇంకా గట్టిగా తాడు చుడతాడు.

రోల్ ప్లేయింగ్ ఆటలు పుట్టింది కూడా ఇలాంటి గడువుతోనే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. కంప్యూటర్ లేదు, బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడాలి. నేలమాళిగలో ఒక్కో వంతు పది నిమిషాల లెక్క. చేతిలో కాగడా ఆరు వంతులు వెలుగుతుంది. అంటే గంటలో వెలుగు పోతుంది. లోపలికి ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ వెనుదిరగాలి, ఇంకో కాగడా మోయాలా లేక ఆ బరువుకు బదులు బంగారం తెచ్చుకోవాలా అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి. అక్కడ గడువంటే ఆరిపోయే నిప్పు.

1997లో ఇంటర్‌ప్లే సంస్థ తెచ్చిన ‘ఫాలౌట్’లో ఆ గడువు నీళ్ల రూపంలో వచ్చింది. అణుయుద్ధం తర్వాత భూగర్భంలో తలదాచుకున్న జనానికి నీటిశుద్ధి యంత్రంలోని చిప్ పాడైంది. 150 రోజుల్లో కొత్తది తేవాలి, లేకపోతే ఊరు దప్పికతో చస్తుంది. ఆ 150 రోజులు నడకలో ఖర్చవుతాయి, విశ్రాంతిలో ఖర్చవుతాయి. వర్తకులకు డబ్బిచ్చి నీళ్లు పంపిస్తే ఇంకో 100 రోజులు దొరుకుతాయి, కానీ ఆ బళ్ల జాడ పట్టుకుని శత్రువు ముందే వచ్చేస్తాడు. ఇది నాకు మహా గొప్ప ఊహ అనిపిస్తుంది. గడువును కొనుక్కోవచ్చు, దానికీ ఒక వెల ఉంది, ఆ వెల కథలోనే ఉంది. అదే ఆటలో శత్రువుల దాడికి పెట్టిన రెండో గడువును మాత్రం తర్వాత వచ్చిన సవరణ (ప్యాచ్)లో దాదాపు ఎత్తేశారు. మొదటి గడువు ఆడేవాడికి కళ్ల ముందు ఉంది, ఎందుకో తెలుసు. రెండోది చాటున ఉండి మీద పడింది.

2000లో నింటెండో తెచ్చిన ‘మజోరాస్ మాస్క్’ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పండితులు దాన్ని సాహస క్రీడల్లో చేరుస్తారు గానీ, ముసుగు తొడిగి ఇంకొకరిగా మారే ఆట కాబట్టి ఇక్కడ దాని మాట తప్పదు. చంద్రుడు మూడు రోజుల్లో ఊరి మీద పడతాడు. మన లెక్కలో అది దాదాపు 54 నిమిషాలు. ఒక పాట ఊదితే మొదటి రోజుకు తిరిగి వెళ్లొచ్చు, ఇంకో పాటతో కాలాన్ని నెమ్మది చేయొచ్చు. తిరిగి వెళ్తే చేతిలో డబ్బు పోతుంది; బ్యాంకులో వేసింది మాత్రం నిలుస్తుంది. ఊళ్లో ప్రతి మనిషికీ ఈ మూడు రోజుల్లో ఒక దినచర్య ఉంది. సత్రంలో అంజు అనే అమ్మాయి కనబడకుండా పోయిన కాఫే అనే యువకుడి కోసం ఎదురుచూస్తుంది. శాపం వల్ల అతను పిల్లవాడి రూపంలో దాక్కుని ఉంటాడు. ఉత్తరం అందించి, దొంగ సొత్తు విడిపించి, అన్నీ సరైన వేళకు చేస్తే మూడో రాత్రి చంద్రుడు పడబోయే ముందు ఇద్దరూ కలుస్తారు. ఆ గడువు లేకపోతే ఆ కలయికకు విలువేముంది? అంజు ఎన్నాళ్లయినా కూర్చునే ఉండేది, మనమూ ఎప్పుడో ఒకప్పుడు వెళ్లేవాళ్లం.

ఇక ఫోన్లలో ఆడే ఆటల్లోని గడువుల సంగతి వేరు. ‘జెన్‌షిన్ ఇంపాక్ట్’ 2020లో వచ్చింది. అందమైన లోకం, అందులో అనుమానం లేదు. కానీ బహుమతులు తీసుకోవడానికి రెసిన్ అనే శక్తి కావాలి; అది 8 నిమిషాలకు ఒకటి చొప్పున నిండుతుంది. అక్కడి గడియారం మన గోడ మీది గడియారమే. కథలో ఎవరికీ దప్పిక లేదు, ఏ కాగడా ఆరిపోవడం లేదు. ఇవాళ రాకపోతే ఇవాల్టి బహుమతి పోతుంది, అంతే. ఆగలేకపోతే డబ్బు కట్టొచ్చు. ఇలాంటి గడువు పిల్లల తీరికను అంగడి సరుకు చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను. పాత్రలో లీనమవ్వాల్సిన మనసును ఫోను వైపు లాగడం తప్ప అది చేసేదేమీ లేదు.

ఏటికొప్పాక పనిలో గడువెలా ఉంటుందో చూడండి. జాతీయ రహదారి మీద అడ్డరోడ్డుకు దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. బొమ్మకు అంకుడు కర్ర కావాలి, అది మెత్తగా చెక్కుడు పడుతుంది. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలితో గుండ్రం తేలుస్తారు. అందుకే ఈ బొమ్మల్లో గుచ్చుకునే మూల ఒక్కటీ ఉండదు. ఆపైన రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు అదిమి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. వేడి ఉన్నంతలోనే అది సమంగా పరుచుకోవాలి, మొగలి ఆకుతో రుద్ది నిగనిగ తేల్చాలి. చల్లారితే లక్క బిగుసుకుపోతుంది. అక్కడ ఎవరూ గంట కొట్టరు, వేడే గడువు.

ఒక దశలో రసాయన రంగులు వచ్చి చవకగా, తొందరగా పని సాగింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఆ రంగులు తగవని సి.వి. రాజు చెట్టుచేమల రంగులు మళ్లీ వెతికారు. పసుపు నుంచి పసుప్పచ్చ, నీలి మొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. ఏ రంగు లక్కతో కలుస్తుంది, ఏది వేడికి మాడుతుంది అని చూసుకుంటూ పోవడం తీరిగ్గా చేయాల్సిన పని. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవి ఈ బొమ్మలే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని మన నేల మీది కథతో ఆట చేయాలనుకునే కుర్రకారుకు నా మనవి ఒకటే. వరాహ ఒడ్డు ఊరినే తీసుకోండి. ఆడేవాడిని లేత్ ముందు కూర్చోబెట్టండి. లక్క చల్లారేలోపు రంగు పట్టించే గడువు పెట్టండి, అది ఎంత బిగువుగా ఉన్నా ఎవరూ నొచ్చుకోరు. అంకుడు చెట్టు కొట్టేశాక కొత్త చిగురు వేసి, చేవతేలి, ఉలికి అందే కర్ర కావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లనూ ఆటలో ఉంచండి; రుతువులు మారనివ్వండి. డబ్బు కట్టి ఆ ఏళ్లను దాటేసే మీట మాత్రం పెట్టకండి.