దినమున కొక క్రొత్తమాట



ఈ సాయంకాలము నేను ముచ్చటింప దలచినది ఇంగ్లీషుమాటల కథ. అమరము వల్లించిన తెలుగు పండితునకు ఇంగ్లీషుమాటలతో నేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నా కా పని యెట్లు పడినదో ముందుగా మనవి చేసెదను.

నేను బడిపంతులుగా నొక పల్లెలో క్రొత్తగా చేరిన దినములలో, నా శిష్యుని తాత యగు నొక రైతు, చేతిలో నొక కాగితముతో నాకడకు వచ్చెను. అది కోర్టునుండి వచ్చిన కాగితము. అక్షరములు నేను చదువగలిగితిని. అందులో 'ఎక్స్ పార్టీ' యను మాట యొకటి కనబడెను. ఎక్స్ సర్పంచి యన్న మాజీ సర్పంచి గదా! కావున ఎక్స్ పార్టీ యన్న ఎదుటి పార్టీవాడు మాజీ యైనాడనియు, వ్యాజ్యము మనవైపునకే తిరిగినదనియు నేను భాష్యము చెప్పితిని. "మీ నోటిచలవ పంతులుగారూ!" యని ఆ ముసలివాడు సంతోషముతో ఆ కాగితమును ఇంటిచూరులో భద్రముగా దోపుకొనెను.

రెండు నెలలు గడచిన పిమ్మట పట్టణమునుండి వచ్చిన వకీలొకరు ఆ కాగితమును చూచి నొసలు కొట్టుకొనిరి. ఎక్స్ పార్టీ యన్నది అసలు ఇంగ్లీషే కాదు, 'ఎక్స్ పార్టే' యను లాటిను పలుకుబడి. ఒక్క పక్షమువారి మాట మాత్రమే విని యిచ్చిన తీర్పని దాని తాత్పర్యము. ఈ రైతు పిలుపు అందియు కోర్టునకు పోలేదు. తీర్పు ఎదుటివాని కనుకూలముగా వచ్చినది. దానిని రద్దు చేయుమని అడుగుకొనుటకు ముప్పది దినముల గడువు. ఆ గడువంతయు కాగితము చూరులోనే గడిపినది. ఆలస్యమును మన్నింపుమని కోరవచ్చును గాని తగిన కారణము చూపవలెను. పంతులు అర్థము తప్పు చెప్పినాడన్నది న్యాయస్థానము వినదగిన కారణము కాలేదు. ఎకరము మాగాణి పోయినది.

ఆ రాత్రి నేనొక నోటుపుస్తకము కుట్టుకొని మొదటి పుటలో ఆ మాటను వ్రాసికొంటిని. నాటినుండి దినమున కొక క్రొత్త ఇంగ్లీషుమాట చొప్పున వ్రాయుచు వచ్చితిని. వ్రాయుచుండగా నాకొక సందేహము పుట్టినది. లాటిను మాట ఇంగ్లీషువాని కాగితములోనికి ఎందుకు వచ్చినది? ఇంగ్లండులోని పల్లెటూరి రైతు మాత్రము దానిని ఎట్లు తెలిసికొనెను? ఆ సందేహము తీర్చుకొనుటకై చదివినదే యీ చరిత్ర.

1066లో ఫ్రాన్సు దేశపు నార్మండీనుండి వచ్చిన విలియము ఇంగ్లండును జయించెను. నాటినుండి రాజసభలో ఫ్రెంచి, చర్చిలోను దస్తావేజులలోను లాటిను, పొలములో ఇంగ్లీషు. ఏలువారి భాష యొకటి, దున్నువారి భాష యొకటి. మనకిది క్రొత్త కాదు గదా! 1362లో మూడవ ఎడ్వర్డు రాజు కాలమున, కోర్టులలో వాదము ఇంగ్లీషులో జరుగవలెనని శాసనమైనది. కారణము ఫ్రెంచి ప్రజలకు తెలియకపోవుటయే. అయినను ఆ శాసనమే వ్రాతలు లాటినులో ఉండవలె ననెను. లాటిను వ్రాతలు కోర్టులను వదలిపోవుటకు 1733 వరకు పట్టినది. అనగా ఇంగ్లండు రైతు తన దేశములో, తన రాజు కోర్టులో, తనకు తెలియని భాషలో వ్రాసిన తీర్పును పట్టుకొని శతాబ్దములపాటు ఎవరినో బతిమాలుకొనుచు తిరిగెను.

1476లో కాక్స్‌టన్ అచ్చుయంత్రమును ఇంగ్లండునకు తెచ్చెను. పుస్తకములు పెరిగినవి. పదునారవ శతాబ్దిలో అచటి పండితులు గ్రీకు లాటిను గ్రంథములను ఇంగ్లీషు చేయుచు, మాట చాలనప్పుడెల్ల లాటినునుండి ఎత్తి తెచ్చుకొనిరి. కొందరు చాలినప్పుడు కూడ తెచ్చిరి. అట్టి మాటలకు లోకులు 'ఇంక్‌హార్న్' మాటలని పేరు పెట్టిరి. నాడు సిరాను కొమ్ముబుర్రలో పోసికొనెడివారు. సిరాకొమ్ములోనుండి పుట్టినవే కాని నోటిలోనుండి పుట్టినవి కావని ఎత్తిపొడుపు. 1553లో థామస్ విల్సన్ అనునాయన తన అలంకారశాస్త్రగ్రంథమున అట్టి మాటలతో నొక వెక్కిరింపు లేఖ కూర్చి చూపెను. చిత్రమేమన, ఆయన వెక్కిరించిన మాటలలో సెలబ్రేట్, ఎక్స్‌టాల్, మండేన్ అనునవి నేడు ఇంగ్లీషులో నిలిచియున్నవి. 'మిక్కిలి పెద్ద' యను అర్థముగల ఇంజెంట్ అను మాట మాత్రము నిలువలేదు. ఏ మాట బ్రతుకునో ఏది చచ్చునో పండితుడు నిర్ణయింప లేడు. నేనును పండితుడనే గనుక ఈ మాట నొచ్చుకొనుచునే చెప్పుచున్నాను.

1557లో సర్ జాన్ చీక్ అను గ్రీకు విద్వాంసుడు, మన భాషను పరభాషల కలయిక లేకుండ శుద్ధముగా వ్రాయవలెనని ఒక లేఖలో హెచ్చరించెను. సరిగా ఆ శతాబ్దముననే గోలకొండ రాజ్యములో పొన్నికంటి తెలగన్న అచ్చతెనుగులో యయాతి చరిత్రము రచించెను. ఒకరినొకరు ఎరుగని యీ యిరువురకు ఒకే కాలమున ఒకే తలంపు కలుగుట వింతగా తోచును.

పండితులిట్లు వాదులాడుకొనుచుండగా, మాట తెలియనివానికి దారి చూపినవారు బడిపంతుళ్లు. ఈ మాట చెప్పుటలో నాకు కొంత గర్వము కలదు, మన్నింపుడు. లండనులోని మర్చంట్ టైలర్స్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడగు రిచర్డ్ మల్కాస్టర్ 1582లో, ఇంగ్లీషుమాటల నన్నింటిని ఒకచోట కూర్చి అర్థము చెప్పు గ్రంథమును ఎవరైన వ్రాసిన బాగుండునని కోరి, తాను ఎనిమిదివేల మాటల పట్టికను అచ్చువేసెను. అర్థములు మాత్రము వ్రాయలేదు. 1596లో ఎడ్మండ్ కూట్ అను మరియొక ఉపాధ్యాయుడు తన పాఠ్యపుస్తకము చివర కఠినపదములకు చిన్నచిన్న అర్థములు చేర్చెను. ఈ రెండు ప్రయత్నముల తరువాత వచ్చినవాడే రాబర్ట్ కాడ్రీ.

ఈ కాడ్రీ ఇంగ్లండులో మిక్కిలి చిన్నదగు రట్లాండు మండలములో ఓక్‌హాము అను ఊర బడి చెప్పెను. పిదప చర్చిలో గురువయ్యెను. ఆరాధనావిధులను గూర్చి పైవారితో భేదించుటచే ఆ పదవి పోయినది. మరల బడిపంతులే యయ్యెను. కుమారుడు థామస్ కూడ బడిపంతులే. తండ్రి కూర్చిన దానికి కుమారుడు చేయిచేసికొనగా 1604లో లండనులో ఒక చిన్నపుస్తకము వెలువడినది. దాని పేరు 'టేబుల్ ఆల్ఫబెటికల్', అనగా అకారాదిపట్టిక. అందులో సుమారు రెండువేల అయిదువందల మాటలు. కేవలము ఇంగ్లీషుమాటలకు ఇంగ్లీషుననే అర్థము చెప్పిన మొట్టమొదటి నిఘంటువుగా దీనిని ఎంచుదురు.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఇల్లు, నీరు, కుక్క, గొడ్డలి వంటి మాటలు ఇందులో లేవు. అవి తెలియనివాడెవడు? హీబ్రూ, గ్రీకు, లాటిను, ఫ్రెంచిలనుండి వచ్చి వాడుకలో పడిన కఠినపదములు మాత్రమే కలవు. అందరెరిగిన మాటలను గూడ నిఘంటువున కెక్కించు ఆచారము 1702 దాకా రాలేదు. కావున ఇంగ్లీషువారికి నిఘంటువు పుట్టుటయే అరుదైన మాటను నేర్చుకొనుటకై పుట్టినది.

ఎవరికొరకు వ్రాసినాడో కాడ్రీ ముఖపత్రము మీదనే చెప్పెను. స్త్రీలకును, విద్యలో నేర్పులేని ఇతరులకును, మతగ్రంథములందును ప్రసంగములందును వినబడు కఠినపదములు తెలియుటకట. నాడు లాటిను బడులు మగపిల్లలకే. ఆడుది చర్చిలో కూర్చుండి ప్రసంగము వినును, మాట తెలియదు, అడుగుటకు సిగ్గు. అట్టివారి చేతికి ఈ పుస్తకము వచ్చినది. వెదకు మాట 'ఏ'తో మొదలైన పుస్తకము మొదట చూడవలెననియు, 'వీ'తో మొదలైన చివర చూడవలెననియు ఆయన పీఠికలో నేర్పినాడు! నేడు మనకది నవ్వు తెప్పించును గాని, అకారాదిక్రమము నాడు చదువరులకు అలవాటు లేనిది. మన అమరసింహుడు సైతము స్వర్గవర్గము, భూమివర్గము అని విషయమునుబట్టి కూర్చెనే గాని అక్షరమునుబట్టి కూర్చలేదు గదా.

అర్థములు బహుపొట్టివి. తరచు రెండు మూడు మాటలే. కొన్నిచోట్ల 'ఒకవిధమైనది' అని తెలుపు నొక చిన్నగుర్తు. మన నిఘంటువులు 'వృక్షవిశేషము', 'పక్షివిశేషము' అని తప్పించుకొనుట చూచి నేను చిన్ననాట విసిగితిని; ఆ విద్య అచట కూడ కలదని తెలిసి ఊరట పొందితిని. ఫ్రెంచినుండి వచ్చిన మాటకొక గుర్తు, గ్రీకునుండి వచ్చినదాని కొక గుర్తు పెట్టెను. తత్సమము, దేశ్యము అని మనము విడదీయునట్లే. మొదటి మాట 'ఎబాండన్', విడిచిపెట్టుట. మన పిల్లలు ఇంగ్లీషు నేర్తుమని పూని నిఘంటువు మొదటినుండి వల్లింప మొదలిడి, ఆ మాట దగ్గరకు వచ్చి పుస్తకమునే విడిచిపెట్టుట మీరెరుగుదురు.

మాటల డంబము కాడ్రీకి గిట్టలేదు. విదేశములు తిరిగివచ్చి పరభాషలను మాటలలో చల్లుకొనువారిని, తమ తల్లులు బ్రతికియున్నను తమ మాటలు అర్థము చేసికొనలేనంతగా మాటాడువారిని ఆయన పీఠికలో మందలించెను. ఆ మందలింపు చాలవరకు ఆ విల్సన్ గ్రంథమునుండి ఎత్తుకొన్నదే. మాటలును సగము కూట్ పుస్తకమునుండి ఎత్తుకొన్నవే. బడిపంతుళ్లు ఒకరి నోట్సు ఒకరు వ్రాసికొనుట నాటినుండి గల వాడుకయే.

ఆ మొదటి ముద్రణపు ప్రతి లోకములో ఒక్కటే మిగిలినది. అది ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్నది.

కాడ్రీ దారిలో బయలుదేరిన హెన్రీ కాకరం 1623లో దారిని తలక్రిందులు చేసెను. తన నిఘంటువు రెండవభాగమున తేలికమాటలిచ్చి వానికెదురుగా కఠినపదములిచ్చెను. అనగా తెలిసిన మాటను తెలియకుండ చెప్పుట యెట్లో నేర్పెను. కాడ్రీ పుస్తకము వినువానిది, కాకరము పుస్తకము మాటాడువానిది. ఈ భేదము చిన్నది కాదు. తరువాతి చరిత్రయంతయు ఈ రెంటి నడుమ నడచినది. 1755లో జాన్సన్ పండితుడు నలువదిరెండువేలకు పైబడిన మాటలతో రెండు సంపుటములు ప్రకటించెను. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1884లో భాగములుగా వెలువడ నారంభించి 1928కి పూర్తియైనది. అమెరికాలో విల్ఫ్రెడ్ ఫంక్, నార్మన్ లూయిస్ అనువారు 1942లో ముప్పది దినములలో పదసంపద పెంచుకొను పుస్తకమొకటి వ్రాసిరి. ఫంక్ 1945నుండి రీడర్స్ డైజెస్టు పత్రికలో మాటల పరీక్ష నడపెను. లూయిస్ 1949లో ప్రకటించిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' మన పట్టణములలో ఉద్యోగపరీక్షలకు చదువు పిల్లల చేతులలో చూచియుందురు. మాట పెరిగిన జీతము పెరుగునని వారి ఆశ. అది తప్పని నేననను. కాని అది కాకరము పెట్టినదారియే.

కాడ్రీ చేసిన పనికి సరిపోలినది మన దేశమున నొకటి జరిగినది. 1817లో మదరాసునకు వచ్చి, కడప, మచిలీపట్నము, రాజమహేంద్రవరము మున్నగు చోట్ల కొలువుచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1852లో తన తెలుగు నిఘంటువును ప్రకటించుట అందరెరిగినదే. 1854లో ఆయన మిశ్రభాషానిఘంటువని మరియొకటి వేసెను. అది అంతగా తెలియదు. కచేరీ కాగితములలో తెలుగుతో కలసిపోయిన హిందూస్థానీ, ఇంగ్లీషు మొదలగు అన్యదేశ్యములకు అందులో అర్థములు కలవు. కావ్యము చదువువానికి ఆ పుస్తకముతో పనిలేదు. కాగితము చేతబట్టుకొని కచేరీ అరుగుమీద కూర్చున్నవానికి దానితో పని. నేనా పల్లెలో చేరిన దినమున అట్టిదొకటి, నేటికాలమునకు తగినది, నా బల్లమీద నున్నచో ఆ ఎకరము నిలిచెడిదేమో.

ఆ రైతు నన్నెన్నడును ఒకమాట అనలేదు. సాయంకాలములందు బడి అరుగుమీదికి వచ్చి "ఇవాళ ఏం మాట రాశారు పంతులుగారూ?" అని అడుగుచుండెడివాడు. నేను చెప్పెడివాడను, ఆయన వినెడివాడు. మార్ట్‌గేజి యను మాటలో చావు అను అర్థముగల ఫ్రెంచిమాట దాగియున్నదని చెప్పగా, "ఆ సంగతి మాకెప్పుడో తెలుసు లెండి" అనెను.

ఒకనాడు బాండికూట్ అను మాట వచ్చినది. "తాతా, ఇది మన మాటే. మన పందికొక్కును తెల్లవారు ఇంగ్లీషులోనికి పట్టుకొనిపోయిరి. ఆస్ట్రేలియాలో వేరొక జంతువునకు గూడ ఆ పేరే పెట్టుకొన్నారు" అంటిని.

ముసలివాడు చుట్ట తీసి కొంతసేపు ఆలోచించెను.

"పట్టుకుపోతే పోయారు గానీ పంతులుగారూ, మరి మా గాదె కిందది ఇంకా ఉందే!"