కూజా మోలీ కథ

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో, మీ పిల్లలో మీ తోడికోడలి పిల్లలో కాపురం ఉంటున్నారనుకోండి. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు, టర్న్‌పైక్ అనే పెద్ద రోడ్డు మీద కాఫీ కోసం కారు ఆపే చోట్లలో ఒకదాని మీద ‘మోలీ పిచర్’ అన్న పేరు చూసే ఉంటారు. పిచర్ అంటే కూజా. కాఫీ దొరికేచోటు కదా, అందుకని కూజా పేరు పెట్టారు కాబోలు అనిపిస్తుంది. కాదు, అది ఒక ఆడమనిషి పేరు! ఇంగ్లీషు రాజు మీద తిరగబడి అమెరికా వాళ్ళు 1775 నుంచి 1783 దాకా చేసిన స్వాతంత్ర్య యుద్ధంలో ఫిరంగి పేల్చిన వీరవనితగా ఆవిడ ప్రసిద్ధి. చిక్కల్లా ఒక్కటే. ఆ పేరుతో అలాంటి మనిషి అసలు లేదు.

లేదంటే అంతా కట్టుకథ అని కాదు సుమండీ. నిజంగా బతికిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను కలిపి రుబ్బి, పైన ఘుమఘుమలాడే తాలింపు పెట్టిన పచ్చడి లాంటిది ఈ మోలీ కథ. తాలింపు బాగుంటే లోపల ఏమేం వేశారో ఎవరడుగుతారు? నాకు మాత్రం ఇలాంటివి కనబడితే విడదీసి చూడాలనిపిస్తుంది.

ముందు కథ వినండి. 1778 జూన్ 28. న్యూజెర్సీలోని మోన్మత్ దగ్గర పోరు. ఎండ మండిపోతోంది. సైనికుల నాలుకలు పిడచకట్టుకుపోతుంటే, ఒక ఫిరంగి వీరుడి భార్య ఊటనుంచి కూజాతో నీళ్ళు తెచ్చి పోస్తోంది. “మోలీ, కూజా!” అని అందరూ కేక పెట్టేవారట. అలా పేరు నిలిచిపోయిందట. ఇంతలో మొగుడు గాయపడి కూలిపోయాడు. మోలీ కూజా పారేసి, అతని చేతిలోని కర్ర అందుకుని, సాయంత్రం దాకా ఫిరంగి పేల్చింది. జనరల్ జార్జ్ వాషింగ్టన్ స్వయంగా చూసి మెచ్చుకుని, ఆవిడను సార్జెంటును చేశాడట. కథ కంచికి.

ఇప్పుడు ఏరుదాం. యుద్ధం నిజం. ఎండ నిజం. ఆ రోజు తుపాకి గుండు తగలకుండానే వడదెబ్బకు ప్రాణాలు విడిచిన సైనికులు ఇరువైపులా ఉన్నారు.

నీళ్ళు కూడా నిజమే. కాని ఎవరికోసం? మనుషులతో పాటు ఫిరంగికీ దాహమే. ఒకసారి పేల్చాక దాని గొట్టంలో నిప్పురవ్వలు మిగిలిపోతాయి. వాటిని ఆర్పకుండా మళ్ళీ మందు కూరితే, కూరేవాడి చేతుల్లోనే పేలుతుంది. అందుకని పొడుగాటి కర్ర చివర తడిపిన కుచ్చు పెట్టి, పేల్చిన ప్రతిసారీ లోపల తుడవాలి. దానికి పక్కనే బకెట్టు నిండా నీళ్ళుండాలి. అయిపోగానే మళ్ళీ తేవాలి. అంటే నీళ్ళు తెచ్చే మనిషి జాలిపడి దాహం తీర్చే ఇల్లాలు మాత్రమే కాదన్నమాట. ఆ ఫిరంగి పనివాళ్ళలో తనూ ఒకరు. బకెట్టు పట్టిన ఆడదాని కంటే నడుమున కూజా పెట్టుకున్న ఆడది బొమ్మలో అందంగా ఉంటుంది కాబట్టి, తర్వాత కాలం చిత్రకారులు కూజాయే ఖాయం చేశారు.

మరి ఫిరంగి పని చేసిన ఆడదాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే మామూలు సిపాయి. యుద్ధమైన యాభై ఏళ్ళకు, 1830లో, తన జ్ఞాపకాలు పుస్తకంగా అచ్చువేశాడు. మోన్మత్‌లో తను చూసిన ఒక స్త్రీ గురించి అందులో రాశాడు. ఆవిడ భర్తతో కలిసి యుద్ధమంతసేపూ ఫిరంగి దగ్గర పని చేసిందట. మందు సంచీ అందుకోవడానికి కాళ్ళు ఎడంగా పెట్టి వంగినప్పుడు శత్రువుల ఫిరంగి గుండు సరిగ్గా రెండు కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి, లంగా కిందిభాగం మొత్తం ఎగరగొట్టుకుపోయిందట. ఆవిడ తాపీగా కిందికి చూసుకుని, ఇంకాస్త పైనుంచి పోలేదు అదృష్టం, పోతే ఇంకేదైనా పట్టుకుపోయేదే అన్న అర్థం వచ్చేలా ఒక మాట అని, మళ్ళీ పనిలో పడిందట.

ముసలితనంలో రాసిన మాటలు, కాస్త ఉప్పూకారం పడి ఉండొచ్చు. కాని అందులో లేనివేమిటో గమనించారా? పేరు లేదు. కూజా లేదు. మొగుడు కూలిపోవడం లేదు. అతను పడిపోయాడని ఈవిడ దిగలేదు, మొదటినుంచీ ఇద్దరూ పక్కపక్కనే పని చేస్తున్నారు. వాషింగ్టనూ లేడు, సార్జెంటు పదవీ లేదు.

వాషింగ్టన్ గారి సంగతి వచ్చింది కనక చెబుతాను. ఆ రోజుల్లో సైన్యం వెంట ఆడవాళ్ళు చాలామందే ఉండేవారు. సిపాయిల భార్యలు, వితంతువులు, చంకన పిల్లలతో తల్లులు. బట్టలుతికేవారు, వండేవారు, రోగులకు సేవ చేసేవారు. వాళ్ళు లేకపోతే సైన్యం నడవదు, ఉంటేనేమో బరువనిపిస్తుంది. 1777 ఆగస్టులో సైన్యం ఫిలడెల్ఫియా నగరం మధ్యగా ఊరేగినప్పుడు, సైన్యానికి చెందిన ఆడది ఒక్కతె కూడా సిపాయిలతో కనబడకూడదని వాషింగ్టన్ ఆజ్ఞ వేశాడు. ఇంటికి చుట్టాలొస్తే పనిమనిషిని పెరటి దారిన పంపించినట్టన్నమాట. అలాంటి దొర మరుసటి ఏడాదే ఒక సిపాయి భార్యను పిలిచి సార్జెంటును చేశాడని చెప్పే కాగితం ఆనాటి రికార్డుల్లో ఎక్కడా లేదు.

పోనీ, మోన్మత్‌లో ఉన్న ఆవిడ ఎవరు? చాలామంది చరిత్రకారులు చూపించే పేరు మేరీ హేస్. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఊరు. భర్త విలియం హేస్ ఫిరంగి దళంలో పని చేశాడు. అతను మోన్మత్‌లో చనిపోలేదు. యుద్ధం ముగిశాక భార్యతో ఊరికి తిరిగి వచ్చి, 1786లో పోయాడు. తర్వాత ఆవిడ జాన్ మెకాలీ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. ఇళ్ళల్లో పాచిపనులు చేస్తూ, బట్టలుతుకుతూ, గచ్చు కడుగుతూ బతుకు వెళ్ళదీసింది. 1832 జనవరిలో కన్నుమూసింది. సమాధి మీద రాయి నిలబడింది ఎప్పుడనుకున్నారు? 1876లో, దేశ స్వాతంత్ర్యానికి నూరేళ్ళు నిండాయని ఉత్సవాలు జరిగినప్పుడు! అంటే ఆవిడ పోయిన నలభై నాలుగేళ్ళకు.

మరి మొగుడు కూలితే భార్య ఫిరంగి అందుకున్న ముచ్చట ఎక్కడిది? అదీ నిజమే. కాని అది జరిగింది మోన్మత్‌కు పందొమ్మిది నెలల ముందు, న్యూయార్కులో, ఫోర్ట్ వాషింగ్టన్ కోట దగ్గర. తేదీ 1776 నవంబరు 16. జాన్ కార్బిన్ అనే ఫిరంగివాడు చనిపోతే, భార్య మార్గరెట్ అతని స్థానంలో నిలబడి పేల్చింది. చివరికి తనకూ గుళ్ళు తగిలాయి. దవడ, రొమ్ము, భుజం గాయపడ్డాయి. ఎడమ చెయ్యి జీవితాంతం పనికిరాకుండా పోయింది. అప్పటికి ఆవిడకు ఇరవై అయిదేళ్ళు. 1779 జులైలో కాంగ్రెసు ఆవిడకు సిపాయి జీతంలో సగం, బతికినంతకాలం నెలనెలా ఇవ్వాలని తీర్మానించింది. ఒక జత బట్టలు కూడా. ఆవిడను ‘కెప్టెన్ మోలీ’ అనేవారు. వెస్ట్ పాయింట్ చుట్టుపక్కల ఉండేది. మనిషి దురుసు, ఎవరూ దగ్గర పెట్టుకోవడానికి ఒప్పుకోవడం లేదని అక్కడి అధికారి పైవాళ్ళకు మొరపెట్టుకున్నాడు. ఒక చెయ్యి లేక, బట్ట కట్టుకోవాలన్నా ఇంకొకరి సాయం కావలసి వచ్చే మనిషికి నోట్లో తేనె ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి!

మోలీ అన్న పిలుపు ఇద్దరికీ ఉంది. ఇద్దరి మొగుళ్ళదీ ఫిరంగి పనే. ఇద్దరిదీ పెన్సిల్వేనియాయే. ఫోర్ట్ వాషింగ్టన్‌లో పడిపోయిన భర్త, నోటినుంచి నోటికి నడుచుకుంటూ మోన్మత్ కథలోకి వచ్చి పడ్డాడని నా అనుమానం. పందొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చేసరికి ‘మోలీ పిచర్’ పేరుతో బొమ్మలు అచ్చయి ఇళ్ళల్లో గోడలకెక్కాయి.

గాథ చేసే చమత్కారం మార్గరెట్ సమాధి దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. 1926లో దేశభక్తురాళ్ళ సంఘం ఒకటి శ్రద్ధగా వెతికి, ఆవిడవని నమ్మిన ఎముకలను తవ్వి తీసి, వెస్ట్ పాయింట్ సైనిక శ్మశానంలో ఘనంగా ఖననం చేయించింది. తొంభై ఏళ్ళు పూలు పడ్డాయి. 2016లో పక్కన పని జరుగుతుంటే పొరపాటున సమాధి కదిలింది. పరీక్ష చేశారు. ఆ ఎముకలు ఒక మగవాడివని 2017లో ప్రకటించారు! ఆవిడ నిజంగా ఎక్కడ పడుకుని ఉందో ఈనాటికీ తెలియదు.

‘ఏదో స్ఫూర్తినిచ్చే కథ, ఉంటే ఏం పోయింది’ అంటారేమో. నాకు పోయిందనే అనిపిస్తుంది. కథలో ఆడదాని ధైర్యానికి ముందు ఒక సాకు కావాలి, మొగుడు పడిపోవాలి. వెనక ఒక దొర మెప్పు కావాలి. ఈ రెండూ లేకుండా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన పని తను చేసుకుపోయిన ఆ చిరిగిన లంగా ఆవిడ ఆ కథలో ఇమడలేదు.

కాని ఒక కాగితం మిగిలింది. 1822లో పెన్సిల్వేనియా శాసనసభలో మేరీకి సహాయం చెయ్యాలని ఒక బిల్లు పెట్టారు. మొదట అందులో రాసుకున్నది, ఫలానా సిపాయి వితంతువు కనక ఇస్తున్నామని. చర్చకు వచ్చాక ఆ మాట కొట్టేశారు. యుద్ధంలో ఆవిడ చేసిన సేవలకు ఇస్తున్నామని దిద్దారు. వెంటనే 40 డాలర్లు, ఆపైన బతికినంతకాలం ఏటా 40 డాలర్లు. ఆవిడ చేసిన సేవ ఏమిటో అందులో వివరంగా లేదు. కూజా ఊసూ లేదు. ‘వితంతువు’ అన్న మాట మీద పడిన ఆ అడ్డగీత ఒక్కటే నాకు మొత్తం కథ కంటే విలువగా తోస్తుంది.