చేపల పులుసు ఎంతవరకు మనది?

మెక్సికన్ చేప అనగానే మా టీంలో సగంమంది మొహం చిట్లిస్తారు. "మన పులుసుండగా ఆ పరాయి కూరెందుకు బాసూ" అని. నేనుండేది బోయిన్‌పల్లిలో. ఇక్కడి హోల్‌సేల్ మార్కెట్లో ట్రేలకి ట్రేలు టమాటాలు, బస్తాలకి బస్తాలు పచ్చిమిర్చి దిగుతాయి. ఈ రెండూ మనకి ఆ మెక్సికో వైపు నుంచి వచ్చినవే అంటే మాత్రం నమ్మరు :)

టమాటా, చిల్లీ అన్న మాటలు రెండూ అజ్టెక్కుల నహువాట్ భాషవి. మనవాళ్ళు మిరియాన్ని బట్టి మిరప అన్నారు, గోదావరి వైపు టమాటాని రామములక్కాయ అన్నారు. అంతే, చుట్టపుచూపుగా వచ్చినవి ఇంటివైపోయాయి.

వెరాక్రూజ్ అనే రేవుపట్నం 1519లో కోర్టెస్ పెట్టింది. అక్కడి చేపకూర ఆ పట్నం పేరుతోనే ప్రసిద్ధి. టమాటా, మిరప, సముద్రపు చేప ఆ నేలవి. ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ కాయలు, ఆలివ్ నూనె స్పెయిన్ ఓడల్లో వచ్చాయి. టమాటా, మిరప కలిపిన సాస్‌లు మాత్రం స్పెయిన్ వాళ్ళు నేర్పినవి కావు. అజ్టెక్కుల సంతల్లో వాటిని అమ్మేవాళ్ళని సహగూన్ అనే పాదిరీ ఆ శతాబ్దంలోనే రాసిపెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ కృష్ణదేవరాయలు (1509–1529) ఏలుతున్నాడు. ఆయన ఆముక్తమాల్యదలో ఎండాకాలం మామిడికాయ ముక్కలేసి వండిన చేపల ప్రస్తావన ఉంది. పులుపు మామిడిది. మరి ఘాటు? మిరియమో, అల్లమో అయ్యుండాలి. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నదే 1510లో, మిరప ఈ దేశానికొచ్చింది వాళ్ళ ఓడల్లోనే. టమాటా మన వంటింట్లో కుదురుకున్నది ఇంకా చాలా తర్వాత, తెల్లదొరల కాలంలో. చింతపండు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే, కాకపోతే అది వేల ఏళ్ళ కిందటి మాట. ఇవన్నీ తీసేసి ఎర్రటి పులుసు పెట్టమనండి చూద్దాం! నన్నడిగితే, పక్కవాడి డబ్బా చూసి "పరాయి తిండి" అని వెక్కిరించే హక్కు గుంటూరు కారం తినేవాళ్ళకి అస్సలు లేదు.

వండటం తేలికే. కొరమీను ముక్కలు తీసుకోండి, కండ తెల్లగా ఉంటుంది, ముల్లు తక్కువ. నూనెలో ఉల్లి, వెల్లుల్లి వేగాక టమాటాలు మెత్తగా మగ్గనిచ్చి, బజ్జీ మిర్చి చీలికలు, బిర్యానీ ఆకు, దొరికితే ఆలివ్ కాయలు వేసి, చివర్లో చేప పెట్టి మూతెయ్యండి. గరిటె తిప్పొద్దు, ముక్క విరుగుతుంది. రొట్టెల కోసం వెతుక్కోనక్కర్లేదు, వెరాక్రూజ్‌లో కూడా దీన్ని తెల్లన్నంతోనే తింటారు.