ఉప్పుమడి నుండి క్లోరిన్ వరకు: గంజాం తీరంలో పారిశ్రామిక భద్రత

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట గంజాం పట్టణమూ, దానికి చేరువలో హుమ్మ ఉప్పుమళ్ళూ ఉన్నాయి. బరంపురం ప్రాంతం మద్రాసు రాజధానిలో అంతర్భాగంగా ఉన్న కాలంలోనే ఈ ఉప్పు ప్రసిద్ధికెక్కింది. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి హుమ్మ కూడా ఒక వేదిక అయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించి, గంజాం అందులో చేరింది. మరి మూడు దశాబ్దాలకు ఉప్పు చరిత్రలో కొత్త అధ్యాయం మొదలయింది. 1967లో గంజాంలో జయశ్రీ కెమికల్స్ కర్మాగారం వెలసింది. ఉప్పునీటిలోనికి విద్యుత్తును ప్రసరింపజేసి కాస్టిక్ సోడాను, క్లోరిన్‌ను ఉత్పత్తి చేయడం దాని పని. కాలక్రమంలో యాజమాన్యం మారింది. పాదరసం వాడే పాత పద్ధతి స్థానంలో మెంబ్రేన్ పద్ధతి వచ్చింది. ఛత్రపురం వద్ద 1980వ దశకంలో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఇసుక ఖనిజాల కర్మాగారాన్ని నెలకొల్పింది. ఈ పరిశ్రమల వలన జిల్లాలో ఎన్నో కుటుంబాలకు జీవనోపాధి లభించింది.

అయితే పరిశ్రమ అన్నం పెట్టినంత మాత్రాన దానిలోని ప్రమాదం తొలగిపోదు. క్లోరిన్‌నే తీసుకుందాం. మన కుళాయి నీటిని శుద్ధి చేసేది అదే. 1915లో యీప్ర్ రణరంగంలో సైనికుల ప్రాణాలు తీసినదీ అదే. గాలికంటే ఇంచుమించు రెండున్నర రెట్లు బరువైన ఈ వాయువు నేలను అంటిపెట్టుకొని, పల్లపు ప్రదేశాలలోనికి పారుతుంది. కనుక అది వెలువడినప్పుడు గాలి వీచే దిశలో పరుగెత్తరాదు. గాలివాటుకు అడ్డంగా, ఎత్తైన చోటికి వెళ్ళాలి. బయటికి పోయే వీలులేనప్పుడు తలుపులు, కిటికీలు మూసి, తడిగుడ్డను ముక్కుకు, నోటికి అడ్డుపెట్టుకోవాలి. ఈ నాలుగు మాటలు ముందుగా తెలియడమే శిక్షణకు తొలిమెట్టు.

ఆ నాలుగు మాటలు తెలియకపోతే ఏమవుతుందో 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి భోపాల్ నగరం చూసింది. యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి మిథైల్ ఐసోసైనేట్ వెలువడి వేలమందిని బలిగొన్నది. విషవాయువును చల్లబరచవలసిన, శుద్ధి చేయవలసిన, కాల్చివేయవలసిన ఏర్పాట్లు ఆ రాత్రి అక్కరకు రాలేదు. గోడ అవతలి బస్తీలలో నివసించే ప్రజలకు ఆ వాయువు పేరైనా తెలియదు. వాయువు వస్తున్న దారినే పరుగెత్తి ప్రాణాలు కోల్పోయినవారు ఎందరో!

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్లుగానైనా చట్టాలు కదిలాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాద వివరాలను కార్మికులకే కాక చుట్టుపట్ల ప్రజలకు కూడా తెలుపవలెనని యాజమాన్యాలను ఆదేశించారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యానికి, వెలుపలి ప్రణాళికను జిల్లా అధికారులకు అప్పగించాయి. 1996 నియమాల ప్రకారం జిల్లాస్థాయి సంక్షోభ నివారణ బృందాలు ఏర్పడ్డాయి. పెను పారిశ్రామిక ప్రమాదాల నివారణకై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1993లో చేసిన ఒడంబడికను భారతదేశం 2008లో ఆమోదించింది.

చట్టం కాగితంపై ఉంటే చాలదని విశాఖపట్నం రెండుసార్లు చెప్పింది. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో వంటగ్యాసు మేఘంవలె వ్యాపించి అంటుకొనగా సుమారు 60 మంది మరణించారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో, లాక్‌డౌన్ వలన నిలువ ఉండిపోయిన స్టైరీన్ వేడెక్కి ఆవిరై, వెంకటాపురం పరిసరాలను కమ్ముకొన్నది. 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రమాద సూచక సైరన్‌కు అవసరమైన పరికరాలు అక్కడ ఉన్నాయనీ, ఎవరూ దానిని మోగించలేదనీ ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. పరికరం ఉండడం వేరు, ఆపద వేళ దానివైపు చేయి తనంతట తాను కదలడం వేరు. ఆ అలవాటును కలిగించేది శిక్షణ ఒక్కటే.

శిక్షణ ఫలితం ఏమిటో గంజాం జిల్లాకు మరొకరు చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరులో వచ్చిన మహాతుపానులో ఒరిస్సాలో సుమారు పదివేలమంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్దనే తీరం దాటింది. అప్పటికి ఆశ్రయ భవనాలు, గ్రామ దళాలు, ముందస్తు విన్యాసాలు సిద్ధమై ఉన్నందున, ఆంధ్ర, ఒడిశా తీరాలలో దాదాపు పది లక్షలమందిని సురక్షిత స్థలాలకు చేర్చగలిగారు. మృతుల సంఖ్య పదులలోనే నిలిచింది. కాని తుపాను రోజుల ముందు కబురు పంపి వస్తుంది. విషవాయువు నిమిషాల గడువే ఇస్తుంది. కనుక దానిని ఎదుర్కొనే అభ్యాసం మరింత గట్టిగా ఉండాలి.

ఇక్కడ భాష ప్రశ్న ఎదురవుతుంది. కర్మాగారంలో అతికించే చట్టపరమైన ప్రకటనలు ఆంగ్లంలోనూ, కార్మికులలో అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలోనూ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. అధిక సంఖ్యాకుల భాష అన్న మాటలోనే అల్ప సంఖ్యాకులు మిగిలిపోయే అవకాశమున్నది. గంజాం తీరం పొడవునా నోలియాలుగా పిలువబడే తెలుగు మత్స్యకారులు తరతరాలుగా నివసిస్తున్నారు. గాలివాటు ఎటో పడవవానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ తెలివికి వాయువు లక్షణం, సైరన్ అర్థం తోడైతే చాలు, వాడ అంతా బ్రతుకుతుంది. ఆ రెండు సంగతులను వారి మాటలో వారికి చేర్చడానికి తెలుగు బడిలో చదివే పిల్లవానికంటె తగిన దూత ఎవరు?

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుగుతుంది. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడిన రోజది. ఆ దినం ఉపన్యాసాలతో, బహుమతులతో ముగియక, బడి గంటను సైరన్‌గా భావించి పిల్లలూ ఉపాధ్యాయులూ ఒక్కసారి కదలి చూసిన రోజు కావాలి. ఉప్పు కోసం ఒకనాడు నిర్భయంగా నిలిచిన ఈ తీరంలో, ఆ ఉప్పు నుండే పుట్టిన వాయువుకు ఏ ఇల్లూ బలికాకుండా చూడడం నేటి తరం బాధ్యత.